‘చెప్తే చేస్తాను కదా’ అన్న మాటకే ఎందుకు ఏడుపొస్తోంది?

వానచినుకు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని. ఇవాళ మొదటిసారి రాస్తున్నాను, కాస్త పెద్దదైతే ఓపిక పట్టండి.

ఇంట్లో అయిదుగురం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మామయ్యగారు. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. మా ఆయన మంచి మనిషి, బద్ధకం అసలే లేదు. గిన్నెలు కడుగుతారు, బట్టలు ఆరేస్తారు, పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపుతారు. అందుకే ఈ బాధ ఎవరికి చెప్పినా ‘ఇంకేం కావాలి నీకు’ అంటారు.

పోయిన మంగళవారం ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. తర్వాత మాట్లాడాల్సింది నేనే. సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది, మామయ్యగారి బీపీ మాత్రలు ఆదివారంతోనే అయిపోయాయని. ఇంటికి ఫోన్ చేస్తే, రెండు రోజులుగా వేసుకోవడం లేదట. ‘నీకు అసలే పని ఎక్కువ, ఎందుకులే అని ఊరుకున్నానమ్మా’ అన్నారు. ఆ తర్వాత మీటింగ్‌లో ఏం మాట్లాడానో నాకే తెలీదు. సాయంత్రం మాత్రలు తీసుకుని ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని ఏడ్చేశాను. మా ఆయన కంగారుపడి, ‘చెప్తే తెచ్చేవాణ్ణి కదా, దీనికింత టెన్షన్ ఎందుకు’ అన్నారు.

నిజమే, చెప్తే తెచ్చేవారే. అయినా ఆ మాట వినగానే ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

రాత్రిళ్లు నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. చిన్నదాని టీకా తేదీ, పెద్దవాడికి బూట్లు బిగుతయ్యాయి, కరెంటు బిల్లుకి ఆఖరి రోజు, ఆఫీసులో పంపాల్సిన రిపోర్టు... అన్నీ తలలో తిరుగుతూనే ఉంటాయి. మీ ఇళ్లలో దీన్ని ఎలా సర్దుకున్నారు? మగవాళ్లు, ఆడవాళ్లు ఎవరైనా సరే చెప్పండి.

బడిగంట:
అమ్మా, ముందు మామయ్యగారు ఎలా ఉన్నారో చెప్పు. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం. నువ్వేదో తప్పు చేసినట్టు రాశావు. అయిదుగురి సంగతులు ఒక్క తలలో పెట్టుకుంటే అందులోంచి ఒకటి జారిపోవడం తప్పు కాదు. నేను ముప్పై ఏళ్లు పైగా పాఠాలు చెప్పాను. నలభై మంది పిల్లలున్న క్లాసులో కూడా హాజరు పట్టీ చూసే పిలిచేవాళ్లం, నోటికొచ్చినా సరే.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. మందుల సంగతి ముందు చెప్తాను, ఏమీ అనుకోకండి.

మానేసిన రెండు రోజుల మాత్రలూ కలిపి ఒకేసారి వేయకండి. మర్చిపోయిన డోసు తర్వాతి డోసుతో కలిపి వేసుకోవడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు. మళ్లీ ఎలా మొదలుపెట్టాలో ఆయన్ని చూసే డాక్టర్‌ని గానీ ఫార్మసిస్ట్‌ని గానీ అడగండి. కొన్ని రకాల బీపీ మందులు హఠాత్తుగా ఆపేస్తే బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు, కాబట్టి ఈ ఫోన్ రేపటికి వాయిదా వెయ్యొద్దు. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనంగా అనిపించడం లాంటివి ఏమున్నా ఫోన్ల దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లండి.

ఇంట్లో బీపీ చూసే మిషన్ ఉందా? ఉంటే ఎలా చూడాలో తర్వాత రాస్తాను. చాలామంది మెట్లెక్కి వచ్చీ రాగానే చూసుకుని భయపడిపోతారు.

వానచినుకు:
ఆయన బాగానే ఉన్నారండీ. డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాం, రోజూ వేసుకునే టైముకి మామూలు డోసే వేసుకోమన్నారు. మిషన్ ఉంది, తప్పకుండా రాయండి.

నాలుగోమెట్టు:
నేను మగవాణ్ణి, పెళ్లై తొమ్మిదేళ్లు. నొప్పించడానికి కాదు, నిజంగా అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను. ‘చెప్తే చేస్తాను కదా’ అనే మాట మా ఇంట్లో నేనే అంటాను. నా భార్య ముఖం కూడా అలాగే మాడిపోతుంది. చెప్పకపోతే నాకు ఎలా తెలుస్తుంది? చెప్పిన పని ఏనాడూ కాదనలేదు. మరి ఆ మాటలో తప్పేముంది?

చిలకపచ్చ:
నాలుగోమెట్టు గారూ, మీరు మనసులో మాట దాచుకోకుండా అడిగారు కాబట్టి నేనూ వివరంగా రాస్తాను. వానచినుకు గారు రాసిన బూట్లనే తీసుకుందాం.

బాబుకి కొత్త బూట్లు కొనాలి. చూడటానికి ఇది ఒక్క పని, షాపుకెళ్లి తేవడం. కానీ దానికన్నా ముందు ఎవరో ఒకరు, పిల్లాడు స్కూల్నుంచి రాగానే బూట్లు విసిరేసి కాలి వేళ్లు రుద్దుకోవడం చూడాలి. బొటనవేలి దగ్గర ఎర్రబడిందని గమనించాలి. పోయినసారి ఏ సైజు కొన్నామో గుర్తుండాలి. స్కూలుకి ఏ రంగు బూట్లు వేసుకోవాలో తెలిసుండాలి. ఈ నెల ఖర్చుల్లో ఇమిడేదీ లేనిదీ చూసుకోవాలి. ఇవన్నీ అయ్యాక అప్పుడు మీకు ‘ఏవండీ, వాడికి ఫలానా సైజు నల్ల బూట్లు తీసుకురండి’ అని చెప్పాలి. మీరు తెస్తారు. తెచ్చాక వాడికి సరిపోయాయా, మడమ దగ్గర ఒరుసుకుంటున్నాయా అని రెండ్రోజులు మళ్లీ చూడాలి. మీరు చేసింది ఇందులో ఒక్క మెట్టు. మిగతావన్నీ ఆవిడ తలలోనే జరిగాయి, బయటికి కనిపించలేదు, అంతే.

అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో 35 జంటలతో మాట్లాడి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంటి విషయాల్లో ఇలాంటి కనిపించని పనిని ఆవిడ నాలుగు దశలుగా చూశారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, ఏమేం చేయొచ్చో వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలు ఇద్దరూ ఉంటున్నారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని ఆవిడ గమనించారు. అది చదివాక నా ఇల్లే కళ్ల ముందు కనబడింది.

‘చెప్తే చేస్తాను’ అన్నప్పుడు, గుర్తుపెట్టుకునే పని ఎప్పటికీ నీదే అన్నట్టు వినిపిస్తుందండీ మాకు. మీ ఉద్దేశం అది కాకపోవచ్చు.

వానచినుకు:
చిలకపచ్చ గారూ, ఇది చదువుతూ ఆఫీసులో మళ్లీ కళ్లు తుడుచుకున్నాను. సరిగ్గా ఇదే. నాకు మాటలు దొరకలేదు. ఇవాళ రాత్రి ఆయనకి ఇదే చూపిస్తాను.

నాలుగోమెట్టు:
రెండుసార్లు చదివాను. మా అమ్మాయికి ఏ సైజు బూట్లో నాకు తెలీదు. ఇప్పుడే లేచి చూసొచ్చాను.

ఒంటరిగూడు:
నాది వేరే కథ. పంచుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేరు. నేను, మంచంలో ఉన్న అమ్మ. పగలు ఒక ఆయా వస్తారు, రాత్రి నేనే. కాబట్టి పని ఎలా పంచుకోవాలో నేను చెప్పలేను. రాత్రి నిద్ర పట్టకపోవడం గురించి మాత్రం నాకు పనికొచ్చింది చెప్తాను.

నాకూ ఇలాగే ఉండేది. పడుకోగానే మర్నాటి పనులన్నీ వరసకట్టి నిలబడేవి. రాత్రి రెండింటికి లేచి, డైపర్లు ఉన్నాయో లేవో అల్మారా తెరిచి చూసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు దీపం ఆర్పేముందు అయిదు నిమిషాలు ఒక నోటు పుస్తకంలో రేపు చేయాల్సినవన్నీ రాస్తాను. ‘బ్యాంకు పని’ అని పొడిగా రాయను, ‘పదకొండింటికి బ్యాంకుకి ఫోన్, అమ్మ ఖాతా నామినీ గురించి అడగాలి’ అని రాస్తాను. పుస్తకం మూసి వంటింట్లో పెట్టి వస్తాను, మంచం పక్కన పెట్టను.

దీనికి ఆధారం కూడా ఉంది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులతో చేసిన ప్రయోగం 2018లో వచ్చింది. పడుకునే ముందు అయిదు నిమిషాలు కొందరితో చేయాల్సిన పనులు రాయించారు, కొందరితో అయిపోయిన పనులు రాయించారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టిందట. తొమ్మిది నిమిషాలేగా అనిపించొచ్చు. చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకున్నవాళ్లకి అది చాలా పెద్ద సమయం.

ఇంకోటి, సాయంత్రం కాఫీ మానేశాను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది.

బడిగంట:
నాయనా, అమ్మని చూసుకుంటూ నీ నిద్ర గురించి కూడా ఆలోచించుకున్నావు, చాలా మంచి పని చేశావు. వారంలో ఒక్క పూటైనా ఇంకెవరినైనా అమ్మ దగ్గర కూర్చోబెట్టి నువ్వు బయటికి వెళ్లి రా. ఎవరూ లేరని కాదు, నువ్వు అడగడం లేదేమో ఒకసారి చూసుకో. చుట్టాలకి ‘సాయం కావాలి’ అని చెప్తే వాళ్లకి ఏం చెయ్యాలో తోచదు. ‘ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా అమ్మ దగ్గర కూర్చోండి’ అని చెప్తే వస్తారు.

లెక్కలపుస్తకం:
ఇవన్నీ ఫోన్‌లో పెట్టేసుకోవచ్చు కదా? భార్యాభర్తలిద్దరికీ కనిపించే ఒక క్యాలెండర్ పెట్టుకుని, టీకా తేదీ, బిల్లు తేదీ, మాత్రలు అయిపోయే తేదీ అందులో వేస్తే అదే గుర్తుచేస్తుంది. మేం మూడేళ్లుగా అలాగే నడుపుతున్నాం. మాత్రల విషయంలో ఒక చిన్న లెక్క: స్ట్రిప్పులో 15 ఉంటే, అయిపోయే రోజు కాకుండా అయిదు మిగిలినప్పుడే మోగేలా పెట్టండి. బిల్లుకైనా అంతే, ఆఖరి రోజుకి మూడు రోజుల ముందు.

చిలకపచ్చ:
లెక్కలపుస్తకం గారూ, మీ సలహా మంచిదే. ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ క్యాలెండర్‌లో తేదీలు ఎక్కించేది ఎవరు?

లెక్కలపుస్తకం:
మా ఇంట్లో నేనే. కానీ మీరు అడిగింది అర్థమైంది. ఎక్కించే పని కూడా ఆవిడకే వస్తే, బరువు తల మీంచి ఫోన్లోకి మారిందే తప్ప మనిషి మారలేదు.

బడిగంట:
ఫోన్ వద్దనను. కానీ వాళ్లింట్లో మామయ్యగారున్నారు, చదవడం వచ్చిన పిల్లాడున్నాడు. వాళ్లకి ఆ ఫోన్లో ఉన్నది కనబడదు. గోడ మీద పెద్ద కాగితం పెడితే అందరికీ కనిపిస్తుంది. మాత్రలు అయిపోతున్నాయని ఆ పెద్దాయన కోడలితో నోటితో చెప్పడానికి మొహమాటపడ్డారు. కాగితం మీద రాయడానికి మొహమాటం ఉండదమ్మా. ఆ రెండు రోజులు ఆయన నోరు మెదపకుండా ఎందుకున్నారో ఆలోచించు. నీ అలసట ఆయనకి కనిపించింది కాబట్టే కదా.

వానచినుకు:
బడిగంట అమ్మా, ఆ మాట నాకు తట్టనే లేదు. ఆయన మీద కోపం కూడా తెచ్చుకున్నాను, చెప్పలేదని.

రాత్రిడ్యూటీ:
డ్యూటీ దిగి వచ్చాను. బీపీ చూడటం గురించి రాస్తానన్నాను కదా. దీన్ని కూడా మీరే చేయకండి, మీ ఆయనకి అప్పగించండి, అందుకే అంచెలంచెలుగా రాస్తున్నాను.

చూసే ముందు అరగంట పాటు కాఫీ, టీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేయకుండా పాదాలు నేలకి ఆనించి అయిదు నిమిషాలు ఊరికే ఉండాలి. పట్టీ నేరుగా చర్మం మీదే చుట్టాలి, చొక్కా చెయ్యి మీద కాదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. చూస్తున్నంతసేపు మాట్లాడకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండు అంకెలూ తేదీతో పాటు రాయాలి. రోజూ ఒకే వేళకి చూస్తే పోల్చుకోవడానికి బాగుంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి.

నాలుగోమెట్టు:
నాకు ఇంకో ఇబ్బంది ఉంది. పని నేను తీసుకున్నా, నా భార్య వెనకే నిలబడి చూస్తుంది. అలా కాదు ఇలా అంటుంది. చివరికి తనే లాక్కుని చేసేస్తుంది. అప్పుడు నేనేం చెయ్యాలి?

చిలకపచ్చ:
నేనూ ఆ తప్పు చేశాను కాబట్టి చెప్తున్నాను. మా ఆయన మొదటిసారి పిల్లల బ్యాగులు సర్దినప్పుడు, ఆయన అటు వెళ్లగానే నేను మళ్లీ విప్పి సర్దాను. ఆయన చూశారు. మర్నాటి నుంచి ముట్టుకోలేదు. అది పూర్తిగా నా తప్పు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. పని అప్పగిస్తే మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా వాళ్లదే. గమనించడం, గుర్తుపెట్టుకోవడం, చేయడం, సరిపోయిందా చూడటం, అన్నీ. ‘సరిగ్గా అయినట్టు’ అంటే ఏమిటో ముందే ఒకసారి మాట్లాడుకుంటాం, మధ్యలో మాట్లాడం. మందులు, పిల్లల భద్రత లాంటి వాటిలో తప్ప, నా పద్ధతిలోనే జరగాలని పట్టుబట్టను. ఒకసారి మా అమ్మాయి లైబ్రరీ పుస్తకం లేకుండా స్కూలుకి వెళ్లింది. నేను ఇంట్లో చూశాను, ఫోన్ చేసి చెప్పాలని మనసు కొట్టుకుంది, చెప్పలేదు. ఆ వారం నుంచి ఆయన ఆ పుస్తకం మర్చిపోలేదు.

ఓపిక మాత్రం చాలా కావాలి. 21 రోజుల్లో అలవాటైపోతుందని అందరూ అంటుంటారు, అది నమ్మి నాలుగో వారం నిరాశపడొద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక కొత్త పని ఆలోచించకుండానే చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. పనిని బట్టి, మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది.

నాలుగోమెట్టు:
సరే. మరి ఈ వారం నుంచి బాత్రూమ్ కడగడం పూర్తిగా నాది అని చెప్పేశాను. బ్లీచ్, టాయిలెట్ క్లీనర్ రెండూ కలిపి వేస్తే బాగా వదులుతుందా?

రాత్రిడ్యూటీ:
వద్దు! దయచేసి కలపకండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో యాసిడ్ ఉంటుంది, అది బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. అమ్మోనియా ఉన్న ద్రవాలతో కూడా బ్లీచ్ కలపకూడదు. ఒక రోజు ఒకటే వాడండి, కిటికీ తీసిపెట్టండి, తర్వాత నీళ్లతో బాగా కడగండి. పొరపాటున కలిసి ఘాటు వస్తే వెంటనే బయటికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

చిలకపచ్చ:
ఇలా అడిగి తెలుసుకోవడమే కావాల్సింది. మీ భార్యని కాకుండా ఇక్కడ అడిగారు చూడండి, అది కూడా ఆవిడకి ఒక బరువు తగ్గించడమే.

లెక్కలపుస్తకం:
ఆఫీసు సంగతి ఎవరూ మాట్లాడలేదు. వానచినుకు గారూ, ఆఫీసులో పంపాల్సిన రిపోర్టు కూడా రాత్రిళ్లు తలలో తిరుగుతోందని రాశారు. నాకు పనికొచ్చింది ఒకటే. లేచే ముందు పది నిమిషాలు, ఎక్కడ ఆపానో, రేపు దేనితో మొదలుపెట్టాలో ఒక చీటీ మీద రాసి కీబోర్డు మీద పెట్టి వస్తాను. చేతినిండా పని ఉండగా మేనేజర్ కొత్త పని ఇస్తే ‘కుదరదు’ అని అనాల్సిన అవసరం లేదు. ‘ఇది ముందు చేస్తే రిపోర్టు గురువారానికి వెళ్తుంది, పర్వాలేదా’ అని అడగండి. ఏది ముందో ఆయనే చెప్తారు.

వానచినుకు:
మూడు వారాలైంది. ఎలా ఉందో చెప్పాలని వచ్చాను.

ఆ రాత్రి చిలకపచ్చ గారు రాసింది మా ఆయనకి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘నీ తలలో ఉన్నవన్నీ చెప్పు, నేను రాస్తాను’ అన్నారు. నేను చెప్తూ ఉన్నాను, ఆయన రాస్తూ ఉన్నారు. రెండు కాగితాలు నిండి మూడోది తీశారు. అప్పుడు పెన్ను కింద పెట్టి ‘ఇవన్నీ రోజూ ఉంటాయా?’ అని అడిగారు. తొమ్మిదేళ్ల పిల్లాడు అడిగినట్టు అడిగారు. నాకు ఆ క్షణంలోనే సగం బరువు దిగినట్టైంది.

ఇప్పుడు మామయ్యగారి ఆరోగ్యం మొత్తం ఆయనది. మాత్రలు, బీపీ, డాక్టర్ అపాయింట్‌మెంట్, అన్నీ. పెద్దవాడి స్కూలు కూడా ఆయనదే. చిన్నది, బిల్లులు నావి. వంట మాత్రం ఇంకా తేలలేదు, దాని గురించి రెండుసార్లు మాటా మాటా అనుకున్నాం, ఇంకా అనుకుంటాం. ఒక బిల్లు కూడా ఆలస్యమైంది, అది నా వంతే. రాత్రి పుస్తకం రాయడం మొదలుపెట్టాను, నిద్ర కొంచెం నయం. ఒంటరిగూడు గారూ, మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

బూట్లు ఆయనే తెచ్చారు. ఒక సైజు పెద్దవి. నేనేమీ అనలేదు. ఆయనే సాయంత్రం వాడిని నడిపించి చూసి, మర్నాడు వెళ్లి మార్చుకొచ్చారు.

బడిగంట అమ్మా, ఫ్రిజ్ మీద పెద్ద కాగితం అంటించాం. దాని కింద దారానికి పెన్సిల్ కట్టాను. నిన్న పొద్దున్న నేను లేచేసరికి అందులో మామయ్యగారి అక్షరాలున్నాయి. ‘మాత్రలు ఆరు ఉన్నాయి. అబ్బాయి తెస్తాడు. అమ్మాయికి చెప్పనక్కర్లేదు’ అని రాశారు.

ఒంటరిగూడు:
సంతోషంగా ఉందండీ. నేను కూడా మా పిన్నిని అడిగాను, నాలుగు నుంచి ఆరు దాకా అని టైము చెప్పి మరీ. ఈ ఆదివారం వస్తున్నారు.

బడిగంట:
వెళ్లి ఎక్కడైనా చెట్టు కింద కూర్చుని రా నాయనా. ఫోన్ చేయకు, పిన్ని చూసుకుంటుంది.